అలివేలమ్మ కుడికాలు

నందికొట్కూరు బస్టాండు దాటి మొదటి సందులోకి తిరగగానే రామసుబ్బయ్య కిరాణా అంగడి. గల్లాపెట్టె వెనక కుర్చీలో కూర్చునేది ఆయన భార్య అలివేలమ్మ. ఆ కుర్చీ కింద పరిచిన గోనెపట్టకు ఒకే చోట చిల్లు ఉంటుంది. సరిగ్గా ఆమె కుడికాలు ఆనే చోట. పట్ట మార్చినా కొన్నాళ్లకు మళ్లీ అక్కడే చిల్లు. తెలియనివాళ్లు ఎలుకల పని అనుకుంటారు. తెలిసినవాళ్లు నవ్వుకుంటారు, ఎందుకంటే అది బ్రేకు.

అలివేలమ్మకు కారు నడపడం రాదు. సైకిలు కూడా రాదు. చిన్నప్పుడు ప్రొద్దుటూరులో అద్దె సైకిలెక్కి మురిక్కాలవలో పడినాక, చక్రాలున్న వస్తువేదీ తన చేతికి అచ్చిరాదని ఒట్టు పెట్టుకుంది. అయినా మూడేళ్లుగా పొద్దస్తమానం బ్రేకు వేస్తూనే ఉంది. సందులో లారీ హారను కొడితే ఆమె కుడికాలు టక్కున కిందికి దిగుతుంది. టీవీలో సీరియలు పిల్ల కారు మలుపు తిప్పితే దిగుతుంది. గుళ్లో పూజారి హారతి పళ్లెం కాస్త జోరుగా తిప్పినా దిగుతుంది.

"మా అంగడి ఇంకా ఈడనే ఉండాదంటే మా ఇంటిది బ్రేకేసి పట్టుకోబట్టే. లేకుంటే ఈపాటికి కర్నూలు చేరిండేది," అని రామసుబ్బయ్య వచ్చిన గిరాకీకల్లా చెప్పేవాడు.

"మీరు తోలింటే కర్నూలు యాడ చేరతాది? గోడకు చేరిండేది," అని ఆమె చింతపండు తూకం మీదనుంచి చూపు తిప్పకుండానే అనేది.

గిరాకీలు నవ్వేవాళ్లు. ఆమె కూడా నవ్వేది. నవ్వుతూనే కౌంటరు చాటున మోకాలు రుద్దుకునేది. ఆ సంగతి గిరాకీలకు కనపడదు.

గోడ మాట ఊరికే రాలేదు. మూడేళ్ల కిందట కార్తీకమాసంలో మొగుడూపెళ్లాలిద్దరూ మహానందికి పోయి, కోనేట్లో మునిగి, పొద్దు వాలేటప్పుడు కారులో తిరిగి వస్తున్నారు. వెలుగోడు దగ్గర రోడ్డు మీద వరిగడ్డి ట్రాక్టరొకటి దీపం లేకుండా నిలబడి ఉంది. రామసుబ్బయ్య దాన్ని చూడలేదు. కారు పోయి గడ్డిలో దూరింది, గడ్డి వెనక ఉన్న ఇనుముకు తగిలింది. ఆయనకు భుజం ఎముక విరిగింది, పక్కటెముకలు చిట్లాయి. అలివేలమ్మకు గీత పడలేదు. చేతి గాజొక్కటీ చిట్లలేదు.

పలకరించడానికి ఊరంతా కదిలి వచ్చింది. అరటిపండ్లు, బత్తాయిలు, బిస్కెట్లు అన్నీ ఆయన మంచం పక్కన పేర్చారు. "నీ తాళి గట్టిదమ్మా," అని ఆమెతో అన్నారు. ఆమె అందరికీ కాఫీ కలిపి ఇచ్చింది. అదే కారులో, అదే గడ్డిలో దూరి వచ్చిన మనిషే కదా అని ఒక్కరికీ తోచలేదు. ఆమె చేతిలో ఒక్క అరటిపండు పెట్టిన పాపాన కూడా ఎవరూ పోలేదు.

ఎముక అతుక్కునేసరికి రామసుబ్బయ్యకు ఒక కథ కూడా అతుక్కుంది. మొదట్లో ట్రాక్టరు ట్రాక్టరే. సంకటి తిని తేన్చి చెప్పేకొద్దీ అది లారీ అయింది. ఉగాదికల్లా ఆయన విరిగిన చెయ్యి వదిలేసి ఎడంచేత్తో స్టీరింగు తిప్పి ఇద్దరి ప్రాణాలూ కాపాడాడు. చెప్పి చెప్పి ఆయన తేలికపడ్డాడు. కొత్త కారు కొని రయ్యిమని తోలుకుంటున్నాడు.

అలివేలమ్మకు కథ లేదు. ఎవరైనా అడిగితే, "నాకేమైందని? ఏం కాలే," అనేది. ఏమీ కాని మనిషికి రాత్రి నిద్ర ముక్కలు ముక్కలుగా వచ్చేది. పొద్దున లేస్తే రాత్రంతా రాళ్లు నమిలినట్టు పళ్లు నొప్పి పెట్టేవి. ఎద్దుల బండి మీద గడ్డి పోతుంటే ఆ వాసనకు నోరెండిపోయి, అరచేతులు చెమటపట్టేవి. బెల్లం అడిగినవాళ్లకు పటికబెల్లం కట్టి పంపేది. మూడేళ్లుగా కారు గానీ, బస్సు గానీ, ఆటో గానీ ఎక్కలేదు. "నడిస్తే షుగరు రాదంట," అని ఎక్కడికైనా నడిచే పోయేది. ఊళ్లో ఆడవాళ్లు ఆమె నడకను మెచ్చుకుని, తమ కోడళ్లకు చూపించి బుద్ధి చెప్పేవాళ్లు. నడిచి పోలేనంత దూరంలో పెళ్లి జరిగితే ఆమెకు ఆ రోజే జ్వరం వచ్చేది.

మోకాలికి మాత్రం వైద్యం బాగానే జరిగింది. తైలం రుద్దారు. ఎముకల డాక్టరు ఫోటో తీసి, అరుగుదల అన్నాడు. అలివేలమ్మ ఒక సాయంత్రం నడుచుకుంటూ మసీదు దగ్గరికి కూడా పోయింది. జడుసుకున్న బిడ్డల్ని ఎత్తుకొని తల్లులు అక్కడ వరుసగా నిలబడతారు. నమాజు చేసి బయటికి వచ్చేవాళ్లు ఒక్కో బిడ్డ మొహాన దువా చదివి ఊది పోతారు. ఒక పెద్ద సాయిబు ఈమె దగ్గర ఆగి, చేతుల్లోకీ చంకలోకీ చూశాడు.

"బిడ్డ యాదమ్మా?"

"బిడ్డ లేదు సాయిబూ. నేనే."

ఆయన నవ్వలేదు. నిదానంగా చదివి ఊదాడు. ఆ రాత్రి మాత్రం ఆమె తెల్లారేదాకా పడుకుంది. మర్నాడు పొద్దున సందులో బస్సు హారను మోగింది, కాలు దిగింది.

ఇట్లా ఎన్నాళ్లు సాగేదో గానీ, బద్వేలులో ఉన్న ఒక్కగానొక్క కూతురు శ్రీవాణి నీళ్లోసుకుంది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. తల్లి స్వయంగా పోయి, ఒడి నింపి, బిడ్డను పిలుచుకొని రావాలి. నందికొట్కూరు నుంచి బద్వేలుకు కారులో నాలుగైదు గంటల దారి. ఐదో నెలలో పోవాల్సినప్పుడు అలివేలమ్మకు జ్వరం వచ్చింది. ఏడో నెల సగమయ్యేసరికి వియ్యపురాలు కృష్ణవేణమ్మ ఫోన్ చేసింది.

"వదినా, పద్ధతి నీకు తెలీంది కాదు. ఎనిమిదో నెల పడితే మేం గడప దాటనీయం. తొమ్మిదిలో డాక్టరు కదలనీయదు. అన్నయ్య ఒక్కడొస్తే పంపేది బాగుండదు, తల్లి రావల్ల. నీకు కాకుంటే చెప్పు, కాన్పు ఈడనే చేసుకుంటాం. మాకేం బరువు కాదులే."

చివరి మాట ఎంతో మర్యాదగా అంది. అందుకే అది సూదిలా దిగింది. తర్వాత శ్రీవాణి ఫోన్ తీసుకుంది.

"అమ్మా, వస్తావు కదా?"

"రాకుండా యాడికి పోతానే?"

"నువ్వు యాడికీ పోవనే కదమ్మా అడుగుతాండేది."

కూతురు నవ్వుతూనే అంది. అలివేలమ్మ ఫోన్ పెట్టేసి, మోకాలి వంక పెట్టుకొని, ఊళ్లో కొత్తగా వచ్చిన యామిని డాక్టరమ్మ దగ్గరికి నడిచింది.

డాక్టరమ్మ మోకాలు నొక్కి చూసింది, పాత ఫోటోలు వెలుతురుకు పట్టి చూసింది. ఇంతలో బయట ఎవరో మోటారుసైకిలు బర్రుమనిపించారు. కాలు దిగింది.

"ఏం తొక్కినారమ్మా ఇప్పుడు?"

"ఏం లేదు, అలవాటు. మా ఆయనకు యాక్సిడెంటు అయినప్పటి నుంచి."

"ఆయనకు యాక్సిడెంటు అయినప్పుడు మీరు యాడుండారు?"

"పక్క సీట్లో."

"మరి మీకు కాలేదా యాక్సిడెంటు?"

మూడేళ్లలో ఈ మాట అలివేలమ్మను ఎవరూ అడగలేదు. తనను తానూ అడుక్కోలేదు. ఎందుకో కళ్లల్లో నీళ్లు తిరిగాయి. డాక్టరు ముందర ఇదేం సిగ్గుచేటని కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ తర్వాత, భర్తకు కూడా చెప్పనిది చెప్పింది. ట్రాక్టరును తాను ముందే చూసింది. చూసి అరవబోతే గొంతు పడిపోయింది. కాలొక్కటే పని చేసింది. ఉన్న బలమంతా పెట్టి తొక్కింది. తొక్కినచోట బ్రేకు లేదు.

"అదేనమ్మా," అంది డాక్టరమ్మ. "ఆపద వచ్చినప్పుడు ఒళ్లు మనల్ని అడిగి పని చెయ్యదు. లోపల ఒక కాపలావాడు లేస్తాడు. కొందరికి పరుగు వస్తాది, కొందరికి నోరు పడిపోతాది. ఆపద పోయినాక వాడు పోయి పడుకోవల్ల. మీవాడికి ఆపద పోయిందని ఎవరూ చెప్పలేదు. మూడేళ్లుగా నిలబడే ఉండాడు. హారను మోగినా, గడ్డి వాసనొచ్చినా మళ్లీ అదే ట్రాక్టరు అనుకుంటాడు."

అలివేలమ్మ అంగడి మనిషి కాబట్టి అంగడి మాటే అడిగింది. "మరి వానికి జీతం ఎవరిస్తాండారు డాక్టరమ్మా?"

"మీ మోకాలు ఇస్తాంది. మీ నిద్ర ఇస్తాంది. రాత్రిళ్లు మీ పళ్లు ఇస్తాండాయి."

"శానా ఖరీదైన కాపలానే. మాన్పించేదెట్ల?"

"కసిరితే పోడు. ఎగతాళి చేస్తే అసలే పోడు. కొంచెం కొంచెంగా వానికి చూపించల్ల, ఇదో కారు, ఇదో రోడ్డు, ఏం కాలేదు చూడు అని. ముందు నిలబెట్టిన కారులో కూర్చోని చూడండి. కర్నూలులో దీనికే చూసే డాక్టర్లు ఉండారు, పోయి రండి."

"కర్నూలుకు పోగలిగితే నీ దగ్గరికి యాల వస్తా తల్లీ?" అంది అలివేలమ్మ. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఇంటి ముందు నిలబెట్టిన కారులో కూర్చుని చూసింది. తాళాలు లేవు, ఇంజను నడవడం లేదు, డ్రైవరు లేడు. అయినా కాలు దిగింది. దిగి, కిందున్న మెత్తటి పట్టను తాకింది. అక్కడ ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడమే ఆమెకు గుండెల్లో దడ పుట్టించింది. తలుపు తీసుకొని బయటపడింది. "నిలబడిన కారుకు బ్రేకేస్తే వెనక్కి పోతాదేమో చూసుకో," అన్నాడు రామసుబ్బయ్య. ఆమె ఆ రోజు ఆయనకు చారులో ఉప్పు వెయ్యలేదు.

ఆ మర్నాడే అంగట్లో కూర్చుని ఉండగా జయపాల్ డ్రైవింగ్ స్కూలు కారు సందు మొదట్లో గుటుక్కుగుటుక్కుమంటూ ఆగింది. దాన్ని ఆమె రోజూ చూస్తూనే ఉంది. నేర్చుకునే పిల్లోడు కుడివైపు చెమటలు కక్కుతుంటాడు. జయపాల్ ఎడమవైపు వెనక్కి వాలి, కళ్లు సగం మూసుకొని కూర్చుంటాడు. ఆ రోజు కారుకు ఒక మేక అడ్డం వచ్చింది. పిల్లోడు కెవ్వుమన్నాడు. అలివేలమ్మ కాలు అంగట్లో దిగింది. కారులో జయపాల్ కాలూ దిగింది. కారు ఆగింది!

ఆమె కుర్చీ లోంచి లేచి రోడ్డు మీదికి వచ్చింది.

"ఏమప్పా జయపాలూ, ఆ పక్క కూడా బ్రేకుండాదా?"

"ఉండకపోతే ఎట్లక్కా?"

"తొక్కితే నిజంగా ఆగుతాదా?"

"ఆగకపోయుంటే నేనీపాటికి సమాధుల తోటలో పడుకోనుందును."

"అయితే నన్ను బద్వేలుకు పిలుచుకొని పో. ఆ సీట్లో."

జయపాల్ పదిహేనేళ్లుగా ఊరందరికీ డ్రైవింగ్ నేర్పాడు. బండి నేర్చుకోను, బ్రేకు మాత్రం కావాలి అన్న మనిషిని మాత్రం ఆ రోజే చూశాడు. సంగతి విని, ఒక్క నిమిషం గడ్డం గోక్కున్నాడు. "రేపు పొద్దున మార్కెట్ యార్డు దగ్గరికి రా అక్కా," అన్నాడు.

యార్డు మైదానంలో మొదటిరోజు జయపాల్ స్టీరింగు పట్టుకున్నాడు, కారు మనిషి నడక కంటే నిదానంగా పోయింది. అలివేలమ్మ తొక్కింది. ఆగింది. మళ్లీ పోయింది. తొక్కింది. ఆగింది. మూడేళ్లుగా ఆమె అంత గట్టిగా తొక్కుతున్నది మొదటిసారి ఆమె మాట విన్నది. ఆమె మొహంలో చంటిబిడ్డ గిలక చూసినంత ఆశ్చర్యం. కోడిపిల్లకు ఆపింది, ప్లాస్టిక్ కవరుకు ఆపింది, జయపాల్ దగ్గితే ఆపింది.

"అక్కా, అది మైలురాయి. అది మనకు అడ్డం రాదు."

"వచ్చేదాకా చెప్పలేం కదప్పా."

వారం తిరిగేసరికి ఊరి బయటిదాకా పోయి వచ్చారు. డాక్టరమ్మ విని, పుస్తకాల్లో ఈ వైద్యం చదవలేదు గానీ మానొద్దు అంది. ఒప్పుకోనిది రామసుబ్బయ్య ఒక్కడే.

"ఇంటి ముందు కొత్త కారు పెట్టుకోని, ఎల్ బోర్డు కారులో వియ్యంకుల ఇంటికి పోతామా? మొహం యాడ పెట్టుకోవల్ల?"

"వెనక సీట్లో పెట్టుకోండి," అంది అలివేలమ్మ.

అట్లే జరిగింది. చలిమిడి గిన్నె, కజ్జికాయల డబ్బా, ఒడిబియ్యం మూట మధ్యన రామసుబ్బయ్య వెనక ఇరుక్కున్నాడు. ఆమె బ్రేకు వేసినప్పుడల్లా ఆయన ముందుకు వచ్చి గిన్నెను కౌగిలించుకునేవాడు. ఆత్మకూరు చేరేసరికి చొక్కా నిండా చలిమిడి పిండి.

వెలుగోడు దగ్గర ఆ చోటు వచ్చింది. గుర్తు ఏమీ లేదు. అటూ ఇటూ వరి, మధ్యన రోడ్డు. అలివేలమ్మ కాలు దిగింది, కారు ఆగింది. ఈసారి ఆమె కాలు ఎత్తలేదు. జయపాల్ ఇంజను ఆపాడు. ఆమె దిగి రోడ్డు పక్కన నిలబడింది. రామసుబ్బయ్య కూడా దిగి వచ్చి పక్కన నిలబడ్డాడు. రోజూ అంగట్లో ఈ చోటు గురించే నోరు నొప్పి పుట్టేలా చెప్పే మనిషి, ఇక్కడికి వచ్చేసరికి మాటలు వెతుక్కున్నాడు.

"నాకు కనపల్లేదు అలివేలూ."

"నాకు కనపడింది. చెప్పేదానికి నోరు రాలే."

ఆయన ఆమె కుడికాలి వంక చూశాడు. "ఇన్నాళ్లూ అందుకేనా తొక్కుతాండేది?"

"నేను కాదు తొక్కేది. అదే తొక్కుతాది."

ఆయన ఒక చేత్తో ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. పడిపోకుండా పట్టుకున్నాడో, తాను పడిపోతానని పట్టుకున్నాడో చెప్పడం కష్టం. "ఎడం చేత్తో స్టీరింగు తిప్పినానంటిరే," అని ఆమె అడిగింది. "అది అంగట్లో చెప్పేది," అని ఆయన గొణిగాడు. మళ్లీ కారెక్కారు.

బద్వేలు చేరేసరికి పొద్దు గూకింది. కృష్ణవేణమ్మ హారతి పళ్లెంతో గడపలోకి వచ్చి, కారు నెత్తిన ఉన్న బోర్డు చూసి, పళ్లెంతోనే ఆగిపోయింది.

"ఇదేంది వదినా? ఏడు నెలల మనిషిని నేర్చుకొనేవాళ్ల చేతిలో పెట్టి పంపమంటావా?"

జయపాల్ తన లైసెన్సు తీసి చూపించాడు. రామసుబ్బయ్య తెలియక సాయం చేద్దామని, "డ్రైవరు మంచోడే వదినా, కుదుపులన్నీ మా ఇంటిదాని బ్రేకు వల్లే," అన్నాడు. దాంతో ఉన్నది కూడా చెడింది. కృష్ణవేణమ్మ మొహం గట్టిపడింది.

"తప్పుగా అనుకోవద్దు. అంత కుదుపుల్లో నేను పంపలేను. కాన్పు ఈడనే కానీ."

ఆ మాటలో తప్పు లేదు. అలివేలమ్మకే అది ముందు తెలిసింది. గడపలో శ్రీవాణి నిలబడి ఉంది, చేతులు నడుముకు ఆనించుకొని. పాదాలు రెండూ వాచి, పట్టీలు బిగుసుకున్నాయి. అమ్మ మొహమే చూస్తోంది.

"ముందు సీట్లో నేను కూర్చోను వదినా," అంది అలివేలమ్మ. "బిడ్డ పక్కన వెనక కూర్చుంటా."

అనేశాక తనే ఉలిక్కిపడింది. వెనక సీటు కింద బ్రేకు ఉండదు. ఆ సంగతి నోటికంటే ముందు కాలికే అర్థమై, మోకాలి చిప్ప లోపల సన్నగా సలిపింది. కృష్ణవేణమ్మ ఆమెను పైనుంచి కిందికి చూసింది.

"ఉండగలవా?"

"తెలీదు. కూర్చుంటా."

కృష్ణవేణమ్మకు గొప్ప మాట చెప్పి ఉంటే నమ్మేది కాదేమో. ఆ 'తెలీదు' విని నమ్మింది. మర్నాడు పొద్దున ఒడి నింపించి, కోడలికి దిష్టి తీసి, చివరికి ఒక పసుపు గుడ్డ తెచ్చింది. "ఆ బోర్డు మాత్రం కప్పండి. వీధి చూస్తాది," అంది. పసుపు గుడ్డ కట్టిన ఆ బండిని చూసి మైదుకూరు దాకా ఇద్దరు ముగ్గురు దేవుడి బండి అనుకొని దండం కూడా పెట్టారు.

ముందు సీట్లో రామసుబ్బయ్య. "అన్నా, నువ్వు కాళ్లు మడుచుకోని బాసిపట్టు వేసుకో," అని జయపాల్ ముందే హెచ్చరించాడు. వెనక సీట్లో శ్రీవాణి తలుపుకు దిండు ఆనించుకొని, వాచిన కాళ్లు రెండూ అమ్మ ఒళ్లో పెట్టింది. మొదటి లారీ ఎదురొచ్చింది. అలివేలమ్మ కాలు దిగింది, తొడ కదిలింది, కూతురి కాళ్లు జారాయి.

"అమ్మా! వేసినావు కదూ?"

"లేదే."

"నా కాళ్లు అబద్ధం చెప్తాయా?"

అలివేలమ్మ ఊపిరి అందక కిటికీ అద్దం దించింది. వెనక్కి తిప్పమందామా అని ఒకసారి అనిపించింది. అంతలో చేతి కింద కూతురి చీలమండ తగిలింది, వేలితో నొక్కితే సొట్ట పడి అట్లే నిలిచేంత వాపు. "ఉప్పు తింటాండావా?" అంది. తల వంచుకొని పాదం పిసకడం మొదలుపెట్టింది. మడమ నుంచి పైకి, పైనుంచి మడమకు. మళ్లీ లారీ వచ్చింది, మళ్లీ కాలు దిగింది. కూతురు తిట్టింది. ఆళ్లగడ్డలో మజ్జిగ తాగారు. కాలు అప్పుడప్పుడూ దిగుతూనే ఉంది. పిసకడం మాత్రం ఆగలేదు. నంద్యాల దాటాక శ్రీవాణి ఆడపడుచు పెట్టిన ఆరళ్ల కథ ఎత్తుకుంది. అది పెద్ద కథ. అలివేలమ్మ మధ్యమధ్యలో "ఆఁ? అంతమాటా?" అంటూ కాళ్లు పిసుకుతూనే ఉంది.

ముందు సీట్లో రామసుబ్బయ్య ఒక చోట ఊపిరి బిగబట్టాడు. తల తిప్పి వెనక్కి చూడబోయి మానుకున్నాడు. ఆడపడుచు కథ సాగుతూనే ఉంది. ఆయన చాలా ఓర్చుకున్నాడు. ఓర్చుకుని ఓర్చుకుని, ఆత్మకూరు కనపడేసరికి ఇక ఆగలేకపోయాడు.

"అలివేలూ, వెలుగోడు దాటి శానా సేపయింది."

ఆ మాట వినడమే ఆలస్యం, ఆమె కుడికాలు ధనామని దిగింది. శ్రీవాణి కాళ్లు ఎగిరిపడ్డాయి.

"అబ్బా! ఆయమ్మ మర్చిపోయింటే నువ్వెందుకు గుర్తు చేస్తావు నాయనా?"

జయపాల్ అద్దంలో ఒకసారి వెనక్కి చూశాడు. నవ్వాపుకొని, ఆమె తొక్కింది కదా అన్నట్టు బండి కాస్త నిదానం చేశాడు.